చెవుల అంచు రంగు

గడచిన శ్రావణంలో మా అన్నయ్య కూతురికి నెల్లూరులోని ఒక ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మేము చూడటానికి వెళ్లేసరికి బిడ్డ పుట్టి ఒక రోజైనా నిండలేదు. తువ్వాలులో చుట్టిన ఆ పసిగుడ్డును మా వదిన ఒళ్లోకి తీసుకుని, ముందు కాలివేళ్లూ చేతివేళ్లూ లెక్కపెట్టి, తరువాత కిటికీ వైపు తిరిగి, బొటనవేలితో చెవి పైఅంచును మెల్లగా మడిచి చూసింది. మా వైపు ఆడవాళ్లకు ఆ చూపు ఏమిటో చెప్పనవసరం లేదు. పుట్టినప్పుడు పిల్లలందరూ ఎర్రగానే ఉంటారనీ, చెవుల అంచు ఏ రంగులో ఉంటే మూడు నెలలకు ఒళ్లంతా ఆ రంగుకే తిరుగుతుందనీ పెద్దవాళ్ల లెక్క. వదిన పైకి ఏమీ అనలేదు కానీ, ఆమె ముఖం చూసి పక్కనున్న ఇద్దరు ముగ్గురు మెడలు సాచారు. అప్పుడు మంచం కాళ్ల వైపు కూర్చున్న మా అమ్మ, "చెవి వదులమ్మాయ్, పిల్లకి నొప్పి పుడతాది" అన్నది. గొంతు పెంచలేదు, అయినా గదిలో అందరూ ఆమె వైపే చూశారు. మా ఇంట్లో ఇంతవరకు పుట్టిన ప్రతి బిడ్డ చెవినీ అందరికంటే ముందు మడిచి చూసినది మా అమ్మే. నా చెవిని కూడా.

నేను కావలి దగ్గర ఒక పల్లెలో పుట్టాను. ఇరవై ఏళ్లుగా నెల్లూరులో ఇంటర్మీడియెట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. నా రంగు నలుపు. చామనఛాయ అనవచ్చు కదా అని మా బంధువులు ఇప్పటికీ సవరిస్తూ ఉంటారు. చామనఛాయ అనేది మా ఇళ్లలో నలుపుకు పెట్టుకున్న మర్యాద పేరు. తెలుగులో ఈ విషయానికి ఉన్న మాటలను ఒకసారి వరుసగా తలచుకుంటే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. మనం తెల్లని పిల్లను తెలుపు అనము, ఎరుపు అంటాము. పిల్ల ఎర్రగా బుర్రగా ఉందంటే ఇక వేరే వివరం అక్కరలేదు. పసిమి ఛాయ, బంగారు ఛాయ, దబ్బపండు ఛాయ అని ఆ వైపు మెట్టు మెట్టుకూ ఒక పేరున్నది. ఈ వైపు వస్తే కాకి, బొగ్గు, తారు, పెనం అడుగు మసి. "నలుపు నారాయణుడు మెచ్చు" అనే సామెత ఒకటి ఉన్నది కానీ, దానిని నల్లపిల్లను ఓదార్చటానికే వాడతారు. పైగా నారాయణుడు మెచ్చితే ఏమి లాభం, పెళ్లికొడుకు తల్లి మెచ్చాలి కదా అని మా మేనత్త ఆ సామెతకు తోక తగిలించేది.

ఈ కొలతల వల్ల ఆడపిల్లలకు జరిగే చెరుపు గురించి రాసేటప్పుడు సాధారణంగా ఎగతాళి చేసినవాళ్లను ముందు నిలబెడతారు. నా అనుభవం వేరు. బడిలో నన్ను వెక్కిరించిన పిల్లల పేర్లు నాకు సరిగా గుర్తు లేవు. మనసులో నిలిచిపోయినవన్నీ ప్రేమతో చేసిన పనులే. ఆదివారం పొద్దున దొడ్లో పీట వేసి కూర్చోబెట్టి, సున్నిపిండిలో కస్తూరి పసుపూ పాలమీగడా కలిపి, చర్మం మండేదాకా మోచేతులు రుద్దిన చేతులు అమ్మవి. తిరునాళ్లకు చీర తెచ్చినప్పుడల్లా, మిఠాయి రంగు దీనికి నప్పదని లేత రంగు ఏరినది పిన్ని. ఎనిమిదో తరగతిలో గోపికల నృత్యానికి నన్ను వెనుక వరుసలో నిలబెట్టిన టీచరమ్మ, ముందు నిలబడితే నలుగురూ ఏదో ఒకటి అంటారని, నా మనసు కష్టపడకూడదనే అలా చేశానని తరువాత అమ్మతో చెప్పింది. శత్రువు చేసిన పని అయితే ఎదురు తిరగవచ్చు. అన్నం కలిపి పెట్టే చేతితోనే నీలో ఒక లోపం ఉన్నదని ఏళ్ల తరబడి తడిమి చూపిస్తూ ఉంటే, కాదనటానికి పిల్లకు నోరు రాదు. ఆ లోపం నిజమేనని నమ్ముతుంది. నమ్మటమే కాదు, దానికి తనవాళ్లు పడుతున్న శ్రమ చూసి అపరాధిలాగా తలవంచుకుంటుంది.

చర్మం పాఠం చెప్పే రోజున నేను కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసేవి మెలనోసైట్ కణాలు. నల్లవాళ్లలోనూ తెల్లవాళ్లలోనూ వాటి సంఖ్య దాదాపు సమానమే. అవి తయారు చేసే మెలనోజోములనే రేణువులు ఎంత పెద్దవి, ఎన్ని, ఎలా పరచుకున్నాయి అన్నదానిలోనే తేడా ఉంటుంది. ఆ రేణువులు పైపొర కణాలలోకి చేరి, ఎండ వచ్చే వైపున కేంద్రకం మీద గొడుగులాగా పరచుకుంటాయి; అతినీలలోహిత కిరణాల నుంచి డీఎన్ఏను కాచేది ఆ గొడుగే. చైత్ర వైశాఖాలలో నెల్లూరు ఎండ తెలిసిన ఎవరికైనా అది ఎంత అవసరమో వేరే చెప్పాలా? రంగును నిర్ణయించే జన్యువులు చాలా ఉన్నాయి. వాటిలో ఎస్ఎల్‌సీ24ఏ5 అనేదాని లేత రంగు రూపం దక్షిణాసియా వారిలోనూ యూరోపువారిలోనూ ఒకే మూలం నుంచి వచ్చినదని 2013లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. అందులో మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్నారు. తల్లి తాగే పాలలో వేసిన కుంకుమపువ్వు ఈ జన్యువుల దాకా వెళ్లదు. చెవుల లెక్కలో మాత్రం కొంత నిజమున్నదని ఒప్పుకోవాలి. పుట్టిన బిడ్డలో మెలనిన్ పూర్తిగా ఏర్పడి ఉండదు కాబట్టి రంగు తేలటానికి కొన్ని నెలలు పడుతుంది. పెద్దవాళ్ల పరిశీలన మంచిదే, ఆ పరిశీలన అవసరమే లేనిది.

ఒంగోలు గిత్తను ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేను. ఆ తెల్లని ఒళ్లు చూసి మురిసిపోని రైతు మన రెండు జిల్లాలలో లేడు. ఓడలెక్కి బ్రెజిల్ దాకా వెళ్లిన ఆ జాతిని అక్కడ నెలోర్ అని మన ఊరి పేరుతోనే పిలుస్తారు. అయితే ఆ తెలుపంతా వెంట్రుకలదే. వెంట్రుకలు తొలగించి చూస్తే కింద చర్మం నల్లగా ఉంటుంది, ఎండకు తట్టుకునే శక్తిలో ఆ నల్లని చర్మానికీ పాలున్నది. తెల్లని గిత్త అని మనం పొగిడే పశువు కూడా లోపల నాలాంటిదే.

తిక్కన సోమయాజి 13వ శతాబ్దంలో ఈ నెల్లూరులోనే, మనుమసిద్ధి ఆస్థానంలో ఉండి, భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు తెలుగు చేశాడు. ఆ విరాటపర్వంలో సైరంధ్రిగా కొలువుకు వచ్చిన ద్రౌపదిని చూసి, ఇంత అందగత్తెను ఇంట్లో పెట్టుకుంటే రాజు మనసు నిలుస్తుందా అని రాణి సుదేష్ణ జంకుతుంది. ఆ అందగత్తె నల్లనిది. కృష్ణ అన్న పేరు ఆమెకు రంగును బట్టి వచ్చినదే. కానీ మన గోడల మీద వేలాడిన క్యాలెండర్లలో ద్రౌపదిని నల్లగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. రాముడికీ కృష్ణుడికీ నీలం రంగు వేసి, పక్కనున్న స్త్రీలందరికీ పసుపు కలిపిన తెలుపు వేశారు. దేవుడికైనా మగవాడికే ఆ మినహాయింపు దొరికింది.

రంగుకూ పనికీ ఉన్న ముడి కూడా పాతదే. నాట్లకు వంగినవాళ్లూ, ఉప్పు కొఠారులలో పనిచేసేవాళ్లూ, రొయ్యల గుంటల గట్ల మీద మేత చల్లేవాళ్లూ ఎండలో ఉంటారు. ఎండలోకి రానవసరం లేనివాళ్లు నీడపట్టున ఉంటారు. కాబట్టి ఎరుపు అంటే కలిమి, నలుపు అంటే కూలి. దీనికి కులం లెక్క కూడా కలుస్తుంది. కొత్తవాళ్ల ఇంట్లో నల్లని పిల్లను చూసినప్పుడు "మీవాళ్లే గదా?" అని అడిగే ప్రశ్నలోని అసలు సంగతి మా అందరికీ తెలుసు. మా ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడిగి, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. అది ఎండ దెబ్బకు కాపు. అదే పనిలో ఉన్న పదిహేనేళ్ల పిల్ల మాత్రం మణికట్టు దాకా చేతులు కప్పుకుని, మధ్యమధ్యలో చొక్కా చెయ్యి పైకి లాగి రెండు రంగుల మధ్య గీత ఎక్కడున్నదో చూసుకుంటుంది.

ఇక పెళ్లి. మా ఇంటికి వచ్చిన సంబంధాల మధ్యవర్తి దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఉండేది. అందులో పేరు, గోత్రం, నక్షత్రం, చదువు, ఎత్తు తరువాత రంగుకు ఒక గడి. ఆయన ఒకసారి మంచినీళ్లకు లేచినప్పుడు నేను తొంగి చూశాను. నా పేరు ఎదురుగా ముందు "చా" అని రాసి, దాన్ని కొట్టివేసి "న" అని దిద్ది ఉన్నది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, ఆ ఒక్క అక్షరం మార్పు మా నాన్నకు చెరువు కింద అరెకరం మాగాణి ఖరీదు చేసింది. "పిల్ల రంగు తక్కువ గదా, మీరే ఆలోచించండి" అన్నారు అవతలివాళ్లు. బేరం పూర్తి మర్యాదగానే జరిగింది. రంగు తక్కువ అనే మాటను నేను అప్పటి నుంచి ఎన్నోసార్లు మనసులో తిప్పి చూశాను. నలుపు ఒక రంగైతే అది తక్కువ ఎలా అవుతుంది?

2003లో మొహర్రం మార్చి నెలలో వచ్చింది. స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు అమ్మ నన్ను తీసుకుపోయింది. తెలియనివారి కోసం చెబుతున్నాను; కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి ఆ కోరిక పేరు గల రొట్టెను మరొకరి చేతి నుంచి అందుకుంటారు, అది తీరిన తరువాత మళ్లీ వచ్చి అదే రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె అని ఎవరి రొట్టె పేరు వాళ్లు బిగ్గరగా పిలుస్తూ ఉంటారు. అమ్మ నా కోసం పెళ్లి రొట్టె పట్టింది. మోకాటి లోతు నీళ్లలో నిలబడి కొంగు చాచిన ఆమె ముఖంలో ఉన్న దైన్యం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

ఆ నెలలోనే క్రీము కూడా వచ్చింది. బంధువుల అమ్మాయి ఒకతె వాడి తెల్లబడిందని ఎవరో చెబితే, అమ్మ మందుల షాపుకు వెళ్లి పేరు చెప్పింది. డాక్టరు చీటీ అడగకుండానే షాపతను చిన్న ట్యూబు ఒకటి ఇచ్చాడు. రాత్రి పడుకునే ముందు బఠాణీ గింజంత తీసి రాసుకునేదాన్ని. మూడు వారాలలోనే తేడా తెలిసింది, రెండు నెలలకు ముఖం మెడ కంటే స్పష్టంగా లేతబడింది. అమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. ఆగస్టులో పెళ్లయింది. ఫోటోలలో నా ముఖం ఒకరిదీ చేతులు ఇంకొకరివీ అన్నట్టు ఉంటాయి. ఏడాది పైన వాడాను. తరువాత ఎండలోకి వెళితే మంట మొదలైంది. చెంపల మీద సన్నని ఎర్రటి నరాలు దారాల్లాగా పైకి తేలాయి, గడ్డం కింద నూగు మొలిచింది, ముఖం నిండా చీముపొక్కులు లేచాయి. భయపడి మానేస్తే నాలుగు రోజులకే ముఖమంతా ఉబ్బి, నిప్పు మీద పెట్టినట్టు మండింది. మళ్లీ రాస్తే గంటలో చల్లబడింది. ఆ చల్లదనమే ఉచ్చు అని అప్పుడు తెలియలేదు.

చివరకు చూపించుకున్న చర్మవైద్యురాలు ట్యూబును చేతిలోకి తీసుకుని, చిన్న అక్షరాలు నా చేతనే చదివించింది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టీరాయిడ్. మంగుమచ్చలకు వైద్యుల పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడే మందు అది. స్టీరాయిడ్ మెలనిన్ తయారీని అణచి ముఖాన్ని తెల్లబరుస్తుంది. అదే పనిగా వాడితే చర్మం పలచబడి, రక్తనాళాలు వ్యాకోచించి, అది లేనిదే చర్మం ఉండలేని స్థితి వస్తుంది. దేశమంతటా ఇటువంటి ముఖాలు ఎన్ని వచ్చాయంటే, చర్మవైద్యులు దానికి "స్టీరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం" అని ప్రత్యేకంగా పేరే పెట్టుకోవలసి వచ్చింది. నాకు మామూలు కావటానికి సుమారు రెండేళ్లు పట్టింది. నరాలు కొన్ని అలాగే మిగిలాయి. రంగు మాత్రం పూర్తిగా తిరిగి వచ్చింది. మా అత్తగారు "చూపులప్పుడు ఇట్టా లేదే" అన్నది ఒకే ఒక్కసారి. ఆ మాటకు నేను సమాధానం చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆమె అన్నది నిజమే.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదన్నది. ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే, నల్లగా ఉన్నవారిని దిగులుగానూ అందవిహీనంగానూ చూపకూడదని నియమాలు పెట్టింది. 1975లో హిందూస్తాన్ లీవర్ మొదలుపెట్టిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోని ఫెయిర్ అనే మాట 2020లో పోయి గ్లో వచ్చింది. మగవాళ్ల కోసం 2005లో ఇమామీ వేరే క్రీము తెచ్చింది కాబట్టి ఇది ఆడవాళ్ల జబ్బు మాత్రమే అనటానికీ లేదు, అయితే నల్లని మగవాడి కోసం ఎవరూ మాగాణి అమ్మలేదు. పేర్లు మారటం మంచిదే. అయితే మా ఊళ్లో ఆ క్రీమును పేరుతో అడిగేవాళ్లు ముందు నుంచీ తక్కువ, "తెల్లబడే క్రీము" అంటే చాలు.

ఇప్పటి పిల్లల దగ్గర ఉన్నవి ఇంకా ప్రమాదకరమైనవి. బ్యూటీ పార్లర్లలోనూ ఫోన్లలోనూ కొనే చిన్న డబ్బాలకు తయారుచేసినవారి పేరైనా ఉండదు. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా చూసిన 22 మంది మెంబ్రేనస్ నెఫ్రోపతి (కిడ్నీలలోని వడపోత పొరలు దెబ్బతినే జబ్బు) రోగులలో 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం ఉన్నట్టు తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారు. కారణం క్రీములలోని పాదరసం. మెలనిన్ తయారు చేసే ఎంజైమును పాదరసం అడ్డుకుంటుంది, అక్కడితో ఆగక చర్మం గుండా రక్తంలోకి, కిడ్నీలలోకి పోతుంది. పాదరసాన్ని అరికట్టటానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం మొదట సౌందర్య సాధనాలలో పదిలక్షల వంతులలో ఒక వంతు దాకా పాదరసాన్ని సహించింది; 2023లో ఆ సడలింపును కూడా తీసివేసి, 2025 నాటికి వాటిలో పాదరసం కలపటమే ఆపాలన్నది. పేరు లేని డబ్బాలో అది ఎంత ఉన్నదో ఎవరు కొలుస్తారు?

నా క్లాసులో గత ఏడాది ఒక అమ్మాయి ఉండేది. జిల్లా స్థాయి పరుగు పందేలలో గెలిచిన పిల్ల. జనవరి నుంచి గ్రౌండుకు వెళ్లటం మానేసింది. కాలు నొప్పి అన్నది, తరువాత చదువు అన్నది. ఒక సాయంత్రం స్టాఫ్ రూములో కూర్చోబెట్టి అడిగితే, "ఎండకి నల్లబడతన్నానని మా అమ్మ బాధపడతంది మేడం" అన్నది. అమ్మ తిడుతున్నదని అనలేదు, బాధపడుతున్నదన్నది. ఆ పిల్ల చెంప మీద ట్యూబ్‌లైటు వెలుగులో సన్నని ఎర్రని దారాలు రెండు కనిపించాయి. నేను నా పెళ్లి ఫోటో ఒకటి మరునాడు తెచ్చి చూపించి, తరువాత వాళ్ల అమ్మను పిలిపించి ఆమెకూ చూపించాను. ఆమె చాలాసేపు ఫోటో వైపే చూసి, "మీరు అప్పుడు ఎంత బాగుండారు మేడం" అన్నది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పిల్ల క్రీమైతే మానింది. పరుగుకు మాత్రం తిరిగి వెళ్లలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి, చెవి వదలమని వదినకు ఎందుకు చెప్పావని అమ్మను అడిగాను. చాలాసేపు పలకలేదు. తరువాత 2004 నాటి సంగతి చెప్పింది. నా పెళ్లయిన మరుసటి మొహర్రానికి, మొక్కు ప్రకారం పెళ్లి రొట్టె తిరిగి ఇవ్వటానికి అమ్మ ఒక్కతే స్వర్ణాల చెరువుకు వెళ్లింది. అప్పటికి నా ముఖం ఇంకా తెల్లగానే ఉన్నది. "పెళ్లి రొట్టె" అని పిలవగానే నీళ్లలో నుంచి ఒకామె కొంగు పట్టుకుని ముందుకు వచ్చింది, ఆమె వెనుక ఇరవై ఏళ్ల నల్లపిల్ల తల వంచుకుని నిలబడి ఉన్నది. తానూ నేనూ ఏడాది క్రితం నిలబడినట్టే ఉన్నారని అమ్మకు కడుపు తరుక్కుపోయింది. రొట్టె కొంగులో వేసి, ఊరికే పోలేక, ఆమె చెవి దగ్గరకు వంగి ఆ క్రీము పేరు చెప్పింది. పేరు మరిచిపోతుందేమోనని రెండుసార్లు చెప్పింది. ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుని అమ్మ చేతులు కళ్లకద్దుకున్నదట.

నా ముఖం మంటలెక్కినప్పటి నుంచి అమ్మ ప్రతి ఏటా పండుగకు వెళుతున్నది. ఏ మొక్కూ లేకుండా ఎందుకు పోతుందో మాకెవరికీ తెలియలేదు. ముసలితనంలో భక్తి పెరిగిందని అనుకున్నాము. రోజంతా గట్టు మీద కూర్చుని వచ్చేపోయే ఆడవాళ్ల ముఖాలు చూస్తుందట. "ఆమెది ఏ ఊరని కూడా అడగలేదే నేను. ఆ పిల్ల పేరన్నా అడగలేదు" అన్నది, చీకట్లో, నా వైపు చూడకుండా.